విరిగేది హుక్కే

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో ఒక జర్మన్ షెపర్డ్ కుక్క ఉండేది. పేరు భైరవ, బరువు 36 కిలోలు. ఒక దీపావళికి రెండు రోజుల ముందు సాయంత్రం వాణ్ని నడకకు తీసుకెళ్లాను. వీధి మలుపులో పిల్లలు లక్ష్మీబాంబు కాల్చారు. భైరవ ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. లీష్, అంటే కుక్కను పట్టుకుని నడిపించే పట్టీ, నా చేతిలోనే ఉండిపోయింది. దాని చివర, మెడలోని కాలర్‌కు తగిలించే హుక్కు సగమే వేలాడుతోంది. వాడు మెయిన్ రోడ్డు వైపు పరిగెడుతున్నాడు. ఒక ఆటో డ్రైవరు చూసి సడన్ బ్రేకు వేశాడు కాబట్టి వాడు బతికాడు. ఆ అన్నకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఇంటికొచ్చి లీష్ పరీక్షగా చూశాను. నైలాన్ పట్టీలో ఒక్క పోగు తెగలేదు. విరిగింది హుక్కే. పైన వెండిలా మెరిసే పూత, విరిగిన చోట చూస్తే బూడిద రంగులో ఇసుక గడ్డలాంటి లోహం. అది జింక్ కలిపిన పోత. కొనేటప్పుడు నేను పట్టీ మందం చూశాను, రంగు చూశాను. హుక్కు సంగతి ఆలోచించనే లేదు.

మనలో చాలామంది కుక్క బరువు 40 కిలోలైతే 40 కిలోలు మోసే తాడు చాలనుకుంటారు. కుక్క నిలబడి లాగినప్పుడు లెక్క వేరు, పరిగెత్తి ఒక్కసారిగా ఆగినప్పుడు లెక్క వేరు. 40 కిలోల కుక్క సెకనుకు 5 మీటర్ల వేగంతో వెళ్తుండగా లీష్ బిగిసిందనుకుందాం. మీ చెయ్యి, భుజం దానితోపాటు సాగి అరమీటరు దూరంలో ఆపితే, లీష్ మీద సగటున 100 కిలోలు వేలాడదీసినంత లాగుడు పడుతుంది. అదే లీష్ స్తంభానికి కట్టి ఉండి, కుక్క 10 సెంటీమీటర్లలోనే ఆగితే 500 కిలోలంత. ఆ లాగుడు హుక్కు మీద ఎంత పడుతుందో కుక్క మెడ మీదా అంతే పడుతుంది. అందుకే పెద్ద కుక్కకు పొడవాటి లీష్ వద్దంటాను. పరుగు అందుకునే చోటు ఎంత ఎక్కువ ఉంటే కుదుపు అంత గట్టిగా తగులుతుంది. రోడ్డు మీద నడకకు నాలుగు నుంచి ఆరు అడుగులు సరిపోతుంది.

ఇక హుక్కు. గట్టి ఇత్తడిది గానీ, స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ అడిగి తీసుకోండి. ఇత్తడి ఎక్కడ గీకినా లోపల కూడా పచ్చగానే ఉంటుంది. పూత పూసిన జింక్‌ని గీకితే బూడిద రంగు బయటపడుతుంది. హుక్కు మెడ గుండ్రంగా తిరగాలి, లేకపోతే పట్టీ మెలికలు పడుతుంది. విశాఖలో బీచ్‌కి తీసుకెళ్లేవాళ్లు ఇంటికి రాగానే హుక్కును మంచినీళ్లతో కడగాలి. ఉప్పు చేరితే లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది.

హుక్కు తర్వాత చూడాల్సింది కుట్టు. పట్టీని మడిచి హుక్కుకు బిగించిన చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్లు వేసి ఉంటే నమ్మవచ్చు. ఒకే వరస కుట్టు ఉంటే పక్కన పెట్టేయండి.

పట్టీ విషయానికొస్తే అంగుళం వెడల్పు చాలు. నవారు మంచం చూసినవాళ్లకు తెలుసు, గట్టిగా నేసిన పట్టీ ఎంత బరువైనా మోస్తుంది. నైలాన్ బలమైనది, కొంచెం సాగుతుంది కాబట్టి కుదుపు తగ్గిస్తుంది. కానీ ఎండలో రోజుల తరబడి వదిలేస్తే బలం పోతుంది, చేతిలోంచి జారితే అరచెయ్యి కాలుతుంది. నా ఓటు మాత్రం తోలుకే. గుర్రపు జీనులకు పేరున్న కాన్పూర్ లాంటి చోట్ల చేసే తోలు పట్టీ వాడేకొద్దీ చేతికి మెత్తగా అలవాటవుతుంది. వానాకాలంలో బూజు పడుతుంది కాబట్టి తడిస్తే నీడలో ఆరబెట్టి, తోలుకు రాసే నూనె పలచగా పట్టించాలి. అంత ఓపిక లేనివాళ్లకు నైలానే మంచిది.

గొలుసు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ, అసలు సాగదు. కుదుపంతా మెడకూ మీ వేళ్లకూ తగులుతుంది. లీష్ కొరికే కుక్క అయితే హుక్కు దగ్గర అడుగు మేర గొలుసు ఉండి, మిగతాది పట్టీ ఉన్నది తీసుకోవచ్చు. ఇంటి దగ్గర కట్టేసేవాళ్లకు ఒక మాట. మితిమీరి బరువైన గొలుసుతోనో, మరీ పొట్టి తాడుతోనో మూగజీవాన్ని గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

డబ్బాలోంచి సన్నటి దారం సాగుతూ వచ్చే లీష్‌లు పెద్ద కుక్కకు అసలు వద్దు. ఆ దారం వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది.

పట్టుకునేటప్పుడు మణికట్టుకు చుట్టుకోకండి, కుక్క లాగితే మీరూ పడతారు, ఎముక విరుగుతుంది. పిడిలోకి, అంటే పట్టీ చివర చేతితో పట్టుకునే ఉచ్చులోకి, బొటనవేలు దూర్చి, మిగతా పట్టీని అరచేతిలోకి మడిచి గుప్పిట బిగించండి. కాలర్ రింగు కూడా చూడండి. అతుకు వెల్డింగ్ చేసి ఉండాలి, తాళంచెవుల రింగులా విచ్చుకునేది కాకూడదు.

చిన్నప్పుడు మా ఊళ్లో తాటిచెట్టు ఎక్కే గౌడన్నలు ఎక్కే ముందు మోకును తడిమి, ముడి లాగి చూసుకునేవాళ్లు. ఇప్పుడు నేను ఏ కుక్కను బయటికి తీసుకెళ్లినా గేటు తీసే ముందు హుక్కునూ కుట్టునూ అలాగే తడిమి చూస్తాను.

కొత్త లీష్ కొంటే మొదట కుక్కకు తగిలించకండి. బలమైన కిటికీ ఊచకు తగిలించి, పిడి పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, ఒంటి బరువంతా వేసి నాలుగైదుసార్లు కుదుపుతూ లాగండి. వెనకాల పరుపు వేసుకోవడం మరిచిపోకండి. హుక్కు నాసిరకమైతే పడేది మీరే.