మార్కులు చూసి సారుకు మార్కులు వేయొచ్చా?

(తెర మీద: దేవరకొండ దిక్కు ఒక తండా బడి. గడప ముందు వరుసగా చిన్న చిన్న చెప్పులు.)

నమస్తే. రెండు బడులు తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు నేను అనుకున్నవే. నల్గొండ పట్నంలో ఒక బడి, ఐదో తరగతి లెక్కల సగటు 72. ఈ తండా బడిలో అదే తరగతి, అదే పేపరు, సగటు 48. ఏ సారు బాగా చెప్తున్నట్టు?

చప్పున 72 అనేస్తాం. ఆగండి, ఏడాది మొదట్లో పిల్లలకు ఎంత వచ్చో చూడటానికి జూన్‌లో పెట్టిన బేస్‌లైన్ పేపర్లు తీద్దాం. పట్నం పిల్లలు అప్పటికే 68. తండా పిల్లలు 25. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, తెలుగు వాళ్లకు బడిలో దొరికిన భాష. ఏడాదిలో అక్కడ పెరిగింది 4, ఇక్కడ పెరిగింది 23.

టీచరు పనిని చూడాలంటే పిల్లలు ఎక్కడున్నారని కాదు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారని చూడాలి. అమెరికాలోని టెన్నెస్సీలో విలియం శాండర్స్ అనే గణాంక శాస్త్రవేత్త 1990లలో దీన్నే పెద్ద పద్ధతిగా మలిచాడు. పిల్లవాడి పాత మార్కులను బట్టి ఈసారి ఎంత రావాలో అంచనా కట్టడం, వచ్చినదానికీ అంచనాకూ ఉన్న తేడాను టీచరు ఖాతాలో రాయడం.

మన దగ్గరా చేసి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 ప్రభుత్వ బడుల్లో ప్రయోగం చేశారు. 200 బడుల్లో పిల్లల సగటు మార్కులు పెరిగినదాన్ని బట్టి టీచర్లకు బోనస్, 100 బడుల్లో ఏమీ లేదు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా. ఒక్క సంగతి మరవొద్దు: ఆ పరీక్షలు పెట్టింది బయటివాళ్లు. సారే పేపరు ఇచ్చి, సారే దిద్ది, ఆ మార్కులతోనే సారును తూచితే ఆ అంకెను నమ్మేదెట్లా?

(తెర మీద: పత్తి చేను. నడుముకు ఒడి కట్టుకున్న పిల్ల.)

ఇక నన్ను బాగా బాధపెట్టే సంగతికి వస్తాను. అక్టోబరు దాటితే మా దిక్కు పత్తి ఏరుడు. ఇంటికి పోయి అడిగితే అవ్వ అంటది, "ఏరుడు అయినంక పంపిస్త సారూ, కైకిలి మనుషులు దొరుకుతలేరు." పాలమూరు దిక్కయితే అమ్మానాయినలు వలస పోతారు, పిల్లలు వాళ్ల వెంట పోతారు, లేదంటే ముసలోళ్ల దగ్గర ఉంటారు. ఆ నెలల్లో పోయిన చదువును ఏ సారు ఖాతాలో రాస్తారు? అమెరికాలోని గణాంక శాస్త్రవేత్తల సంఘం, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్, 2014లో చెప్పిందిదే: పరీక్ష మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ల వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతమే అని చాలా అధ్యయనాలు తేల్చాయని.

ఇంకొకటి, చిన్న తరగతి. 12 మంది పిల్లలు, సగటు 60. పరీక్ష రోజు ఒక్కడు రాలేదు, సున్నా వేశారు. సగటు 55కు పడిపోయింది. 40 మంది ఉన్న తరగతిలో అదే సున్నాకు పడేది ఒకటిన్నర మార్కే. చెప్పిన పాఠం మారలేదు, సారు మారలేదు. అందుకే ఒక్క ఏడాది అంకెతో ర్యాంకులు కట్టి నోటీసు బోర్డు మీద పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మూడేళ్ల పెరుగుదల, హాజరు, తరగతి గదిలో కూర్చుని చూసినది, మూడూ పక్కపక్కన పెట్టండి. అప్పుడు కూడా మొదట అడగాల్సింది "ఈ సారుకు ఏం సాయం కావాలి" అనే.

2022లో తెలంగాణలో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పటి నుంచి ప్రైమరీ బడుల్లో ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో రాసుకుంటున్నాం. ఇది మా తరగతిలో ఒక పాప వరుస.

(తెర మీద: రిజిస్టరు దగ్గరగా. పేరు మీద వేలు అడ్డం.)

జూన్‌లో "అక్షరాలు". సెప్టెంబరులో "పదాలు". నవంబరు గడి ఖాళీ. హాజరు పట్టీ తెరిస్తే ఆ నెలంతా వరుసగా రాలేదనే "ఏ" గుర్తులే. జనవరిలో మళ్లీ "అక్షరాలు". మార్చిలో "వాక్యాలు".

జూన్, మార్చి మాత్రమే చూసే అధికారికి ఒక సారు కనిపిస్తాడు. సెప్టెంబరు, జనవరి మాత్రమే చూసేవాళ్లకు ఇంకో సారు కనిపిస్తాడు. పాఠం చెప్పింది మాత్రం ఒక్కరే.