మహేంద్రగిరి ఏ గడిలో పడింది?

మాస్టార్లకి, పెద్దలకి, తమ్ముళ్ళకి చెల్లెళ్ళకి నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఇది, అందుకని మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్తాను, ఒకేసారి వేల లెక్కలు చేసే చిప్ జీపీయూని జీపీయూ అనే అంటాను.

నా పని ఏటంటే వాతావరణాన్ని కంప్యూటర్‌లో నడపడం. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. తుపాను ఎటొస్తుందో ముందే తెలిసింది, తీరంలో జనాన్ని ఖాళీ చేయించారు, కానీ ఇక్కడ మన గజపతి కొండల్లో వానకి చరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఏ కొండ మీద ఎంత పడుతుందో ఎందుకు చెప్పలేకపోతున్నాం అన్నది అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

మోడల్ అంటే వాతావరణాన్ని లెక్కలతో నడిపే ప్రోగ్రామ్, అది భూమినంతా గడులుగా కోస్తుంది, ఒక్కో గడికి ఒకటే ఎత్తు, ఒకటే వాన. గడి 28 కిలోమీటర్లదైతే 1501 మీటర్ల మహేంద్రగిరి, పక్కన లోయలు, కింద వరి మళ్ళు అన్నీ కలిసి సగటైపోతాయి. పోనీ గడిని సగం చేద్దామంటే నిలువుకి రెండింతలు, అడ్డానికి రెండింతలు, టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకేసే సమయం, కూడా సగం చెయ్యాలి, మొత్తం లెక్క ఎనిమిదింతలు! అందుకే 2024లో పుణెలో 11.77 పెటాఫ్లాప్స్ 'అర్క', నోయిడాలో 8.24 'అరుణిక' సూపర్ కంప్యూటర్లు పెట్టారు, పెటాఫ్లాప్ అంటే సెకనుకి వెయ్యి లక్షల కోట్ల లెక్కలు. 2025 మేలో మన దేశపు మోడల్ 12 నుంచి 6 కిలోమీటర్లకి దిగింది.

ఈలోగా 2023లో గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ వచ్చి పది రోజుల ఫోర్‌కాస్ట్ ఒక్క చిప్ మీద నిమిషం లోపు ఇచ్చేసింది. ఇంక సూపర్ కంప్యూటర్లెందుకు అని చాలామంది అడిగారు నన్ను. అది నేర్చుకున్న 1979 నుంచి 2017 దాకా డేటా ఉంది చూశారూ, అది కూడా కొలతల్ని ఫిజిక్స్ మోడల్‌లో పోసి పెద్ద మెషీన్ల మీద తయారుచేసిందే. పైగా తప్పుల సగటు తగ్గించడమే దాని చదువు కాబట్టి అనుమానం వస్తే మధ్యలో ఉన్న అంకె చెప్తుంది, శిఖరాలు కోసేస్తుంది. మన మనుషుల్ని తీసుకుపోయిన వాన ఆ శిఖరాల్లోనే ఉంది.

అందుకే నేను పాత తుపాన్లని 3 కిలోమీటర్ల గడుల్లో ఫిజిక్స్‌తో నడిపి, పెద్ద గడి చూసి చిన్న గడి ఊహించడం న్యూరల్ నెట్‌వర్క్ అనే ఏఐ ప్రోగ్రామ్‌కి నేర్పుతున్నాను. ఓ రాత్రి ఎర్రర్ గ్రాఫ్ చక్కగా దిగిపోయింది, అబ్బ అయిపోయింది అనుకుని మ్యాప్ తెరిస్తే ఒక లోయలో వాన మైనస్ 3 మిల్లీమీటర్లు. నీళ్ళు నేల మీంచి పైకి కురుస్తాయా? గ్రాఫ్ ఒక్కటే చూసి పడుకునుంటే ఆ తప్పు అలాగే పోయేది. ఇంకోసారి సూపర్ కంప్యూటర్ మీద నాలుగు రోజులు నడిచిన లెక్క ఆగిపోయింది, నేను మధ్యలో చెక్‌పాయింట్ పెట్టలేదు, అంటే అప్పటిదాకా అయింది దాచుకోలేదు, మళ్ళీ క్యూలో నిలబడి మొదట్నుంచీ నడిపాను.

ఈ దారిలోకి రావాలనుకుంటే మోడల్ తెచ్చి రన్ చెయ్యడం నెల్లో వచ్చేస్తుంది, దాంతో సరిపెట్టుకోకండి. ఫిజిక్స్ గట్టిగా చదవండి, పెద్ద కంప్యూటర్లని నడిపే లినక్స్‌లో పని చెయ్యండి, వెయ్యి ప్రాసెసర్లు ఒకదాని కోసం ఒకటి ఎక్కడ ఎదురుచూస్తున్నాయో కొలవడం నేర్చుకోండి. మన కొండలు మీకు తెలుసు, ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో మీ ఇళ్ళల్లో పెద్దలకి తెలుసు, అది అడిగి రాసుకోండి, అది ఏ డేటాలోనూ లేదు.

తిత్లీ రోజు మ్యాప్ లాప్‌టాప్‌లో తెరిచి పెట్టాను. టీ తాగి ముందుకి రండి, మహేంద్రగిరి ఏ గడిలో పడిందో మీరే వెతకండి.