చీరల కొట్టుకు వెదురు, సున్నం, వెలుతురు

శ్రోతలకు నమస్కారం.

దుకాణంలో ప్రకృతి కనబడాలనగానే గోడకు ప్లాస్టిక్ పచ్చిక, ప్లాస్టిక్ తీగలు తగిలించేస్తున్నారు. కొన్నాళ్లకు అవి దుమ్ముకొట్టుకుపోయి చెత్తలోకి పోతాయి. 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు ఉన్న చేనేత చీరల కొట్టులో అసలేం చెయ్యొచ్చో చూద్దాం.

ముందు వెలుతురు. పడమటి ముఖం కొట్టయితే సాయంత్రపు ఎండ ఏటవాలుగా కొడుతుంది, సజ్జా ఎంత వేసినా ఆగదు. అద్దం దగ్గర పెట్టిన కలంకారీ చీర మడత విప్పితే ఎండ తగిలినమేర ఒక చార వెలిసిపోయి ఉంటుంది. అద్దానికి బయటివైపు వెదురు తడిక కట్టండి. లోపల తెర వేస్తే వేడి అప్పటికే లోపలికొచ్చేసినట్టు. తడిపే వట్టివేళ్ల తడిక మాత్రం బట్టల కొట్టుకు వద్దు, తేమకు జరీ నల్లబడుతుంది. దీపాలకు సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే గుణానికి కొలత, 90కి తగ్గకూడదు. వెలుతురు రంగు 4000 కెల్విన్, అంటే మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు, ఉన్నవి తీసుకోండి. నాసి బల్బు కింద మెరూన్‌కీ వక్కరంగుకీ తేడా తెలియదు. కొనేవాళ్లు చీర పట్టుకుని గుమ్మం బయటికి నడిచేది అందుకే.

అరలకు వెదురు మంచిదే, కానీ మూడేళ్లు దాటిన బొంగు కావాలి. లేతదాన్ని పిండిపదార్థం కోసం పురుగు తొలుస్తుంది. కణుపుల్లోని అడ్డుపొరల్ని ఊచతో పొడిచి, 100 లీటర్ల నీళ్లలో 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి, వారం పదిరోజులు పూర్తిగా ముంచి ఉంచాలి. ఆరబెట్టడం నీడలోనే, ఎండలో నిలువునా చీలుతుంది. మేకు కొట్టినా చీలుతుంది కాబట్టి బెజ్జం వేసి బోల్టు బిగించాలి. మందు పెట్టని వెదురు కింద కొన్నాళ్లకు సన్నని పొడి రాలుతుంది. పైన ఈనెలు లేకుండా నున్నగా రుద్దించండి, పట్టుచీర తగిలితే పోగు లేస్తుంది.

పలకలకు పాత ఇళ్ల టేకు వాడుకోవచ్చు. అవిసె నూనె పూస్తే మూడు వారాలైనా గాలికి ఆరనివ్వాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో వెయ్యండి.

గోడకు సున్నపు గార, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. దానిమీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే లోపలి తేమ పోయే దారిలేక పెచ్చులూడుతుంది, సున్నమే వెయ్యాలి. సున్నం చేతికి అంటినట్టే చీరకూ అంటుతుంది, అరకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి.

నేలకు తాండూరు, బేతంచెర్ల బండ రెండూ బాగుంటాయి. యాసిడ్‌తో మాత్రం కడగనివ్వకండి, సున్నపురాయి కాబట్టి నునుపు పోతుంది. మొక్కల కుండీలు గుమ్మం బయటే ఉంచండి.