చెట్టు ఖాళీ కాకముందే పిట్ట ఎందుకు ఎగిరిపోతుంది?

ఉన్నచోటే ఉండాలా, ఇంకోచోటికి మారాలా అని ఎవరైనా అడిగితే ఒకరు "దూరపు కొండలు నునుపు" అని తేల్చేస్తారు. ఇంకొకరు "ఇక్కడ ఇంకేం మిగిలింది, వెళ్లిపో" అంటారు. ఈ రెండో మాట వింటే నాకు మరీ చిరాకు. ఏమీ మిగలనప్పుడే కదలాలన్న లెక్క దాని వెనక ఉంది. ఆ లెక్క తప్పు. పిట్టలు కూడా అలా చేయవు.

ఈ వీడియో అంతా ఒక పిట్టతోనే నడుస్తుంది. పండ్ల చెట్టు మీద ఒక పిట్ట. చెట్టుకి 30 పండ్లు. మొదటి నిమిషంలో కంటికెదురుగా ఉన్నవి 10 తినేసింది. తర్వాత వెతుక్కోవాలి కాబట్టి రెండో నిమిషంలో 8, మూడో నిమిషంలో 5, నాలుగో నిమిషంలో 3, ఐదో నిమిషంలో 2. ఇంకో చెట్టుకి పోవాలంటే ఎగరాలి, ఎగిరేటప్పుడు తిండి లేదు. మరి ఎప్పుడు ఎగరాలి?

[స్క్రీన్ మీద: ఎగరడానికి 1 నిమిషం]

పక్క చెట్టు ఒక నిమిషం దూరంలో ఉందనుకోండి. ఇక్కడ ఒక నిమిషమే ఉంటే, ఎగిరిన నిమిషంతో కలిపి 2 నిమిషాలకి 10 పండ్లు, అంటే సగటు 5. రెండు నిమిషాలుంటే 3 నిమిషాలకి 18, సగటు 6. మూడు నిమిషాలుంటే 4 నిమిషాలకి 23, సగటు 5.75కి పడిపోయింది. కాబట్టి రెండు నిమిషాలకే ఎగరాలి, చెట్టు మీద 12 పండ్లు మిగిలుండగానే!

[స్క్రీన్ మీద: ఎగరడానికి 6 నిమిషాలు]

అదే చెట్టు, అవే పండ్లు. పక్క చెట్టుని మాత్రం ఆరు నిమిషాల దూరానికి జరిపాను. ఇప్పుడు రెండు నిమిషాలుంటే సగటు 2.25. మూడుంటే 2.56. నాలుగుంటే 10 నిమిషాలకి 26, అంటే 2.6. ఐదుంటే మళ్లీ తగ్గి 2.55. కాబట్టి నాలుగు నిమిషాలుండాలి.

చూశారా, ఈ చెట్టులో ఏమీ మారలేదు. మారింది మధ్యలో ఉన్న దూరమే. "ఈ ఊరు మంచిదా, ఆ ఊరు మంచిదా" అని గంటలు గంటలు వాదించుకునేవాళ్లు అసలు చూడని అంకె అదే.

దీన్ని 1976లో ఎరిక్ చార్నోవ్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు. పేరు మార్జినల్ వాల్యూ థీరమ్. పేరు భయపెడుతుంది కానీ విషయం ఇంతే: ఇక్కడ వచ్చే నిమిషంలో దొరికేది, ఎగరడంతో కలిపిన మొత్తం సగటు కంటే తగ్గిపోతే కదలాలి. 1977లో రిచర్డ్ కోవీ అనే పరిశోధకుడు దీన్ని గ్రేట్ టిట్ అనే పిట్టల మీద పరీక్షించాడు. కృత్రిమ చెట్లు, వాటికి రంపపు పొట్టు నింపిన కప్పులు, పొట్టులో పురుగులు. కప్పుల మీద మూతలు పెట్టాడు, కొన్ని సులువుగా వచ్చేవి, కొన్ని బిగుతైనవి. బిగుతు మూత తీయడానికి పట్టే సమయమే ఇక్కడ "దూరం". మూత బిగుతుగా ఉన్నప్పుడు పిట్టలు ఒక్కో చెట్టు దగ్గర ఎక్కువసేపు ఉన్నాయి.

ఇప్పుడు మన సంగతి. మనిషి ఎగరడం అంటే లారీ ఎక్కిన రోజు ఒక్కటే కాదు. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి, కొత్తచోట డాక్టరు, దారి, పిల్లల బడి, సాయం అడగగల నలుగురు మనుషులు అన్నీ కుదిరేదాకా ఎగురుతూనే ఉన్నట్టు. వెతకడానికి 3 నెలలు, ఇక్కడివి తెంచుకోవడానికి 1, అక్కడ కుదురుకోవడానికి 8 అనుకుంటే, ఏడాది గాల్లోనే. కుదురుకున్నాక అక్కడ రెండేళ్లే ఉంటారా? అయితే మొత్తం సమయంలో మూడోవంతు ఎగరడానికే పోయింది. ఆరేళ్లుంటే ఏడోవంతు.

అందుకే ఒకే వీధిలో ఇద్దరికి రెండు వేర్వేరు సరైన జవాబులు ఉండొచ్చు. అద్దె గదిలో రెండు పెట్టెలతో ఉన్న మనిషికి పక్క చెట్టు నిమిషం దూరం. సొంతిల్లు, బడికెళ్లే పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్నవాళ్లకి ఆరు నిమిషాలు. మొదటివాళ్లది చపలచిత్తం కాదు, రెండోవాళ్లది పిరికితనం కాదు. ఒకరి జవాబు ఇంకొకరికి సలహాగా ఇవ్వడమే తప్పు.

కాగితం మీద వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ చోటు మీకిచ్చింది రాసేటప్పుడు గత 12 నెలలదే రాయండి. మొదటి ఏడాది తిన్న 10 పండ్లు ఎంత తీపివైనా వచ్చే నిమిషానికి పనికిరావు. రెండు, కొత్తచోటి గురించి రాసేటప్పుడు ఊహలోని అతి గొప్ప చెట్టుతో పోల్చకండి, మామూలుగా దొరికే చెట్టుతో పోల్చండి. దూరపు కొండల సామెత పనికొచ్చేది ఇక్కడే.

అయితే పిట్ట లెక్క మనిషికి అతకని చోటు ఒకటుంది, అది చిన్నది కాదు. పిట్టకి చెట్టుతో స్నేహం లేదు. పిట్ట ఉన్నంతసేపూ చెట్టు మీద పండ్లు తరుగుతాయే తప్ప పెరగవు. మన జీవితంలో కొన్ని తరుగుతాయి: ఉద్యోగంలో నేర్చుకునేది, ఊరి కొత్తదనం. కొన్ని ఏళ్ల మీద పండుతాయి: ఇరుగుపొరుగు నమ్మకం, పనిలో పేరు, అర్ధరాత్రి తలుపు కొట్టగల ఇల్లు. కాబట్టి రెండు పట్టీలు వేయండి. సూత్రం మొదటి పట్టీకే వర్తిస్తుంది. రెండో పట్టీలో ఉన్నవి కొత్తచోట సున్నా నుంచి మొదలవుతాయి. మొదటిదే పొడుగ్గా ఉంటే కదలండి, రెండోది పొడుగ్గా ఉంటే ఆగండి. ఇంతకంటే కచ్చితంగా చెప్పేవాళ్లని నేను నమ్మను.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. చాలా ప్రయోగాల్లో జంతువులు సూత్రం చెప్పినదానికంటే కాస్త ఎక్కువసేపే ఉండిపోతాయి. మనుషుల సంగతికొస్తే, ఎటూ తేల్చుకోలేనివాళ్లతో ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఆన్‌లైన్‌లో నాణెం వేయించాడు. పెద్ద నిర్ణయాల్లో మార్పు వైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామన్నారు. కానీ వాళ్లంతా అప్పటికే ఊగిసలాడుతున్నవాళ్లు. హాయిగా ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుని పెట్టె సర్దకండి.

కొత్తచోటు ముందుగా చూడాలంటే ఆ ఊరి చెడ్డ కాలంలో వెళ్లండి, ముసురుకో మండుటెండకో. నెల రోజులుండండి, సెలవులా కాదు, రోజూ పనికి వెళ్లొస్తూ. ఇక తిరిగొచ్చే దారి. పిట్ట వెనక్కి వచ్చేసరికి చెట్టు మళ్లీ కాసి ఉండొచ్చు. మనకి వెనక్కి రావడం ఇంకో ఎగరడం. దానికి ఎన్ని నెలలో కూడా ఇప్పుడే, అదే కాగితం మీద రాసిపెట్టుకోండి.