పుట్టినరోజు తారీఖు ఎవరు పెట్టింది?

అందరికీ నమస్కారం అండి. భోజనాలు రెడీ అని వెనక నుంచి సైగలు చేస్తున్నారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. మీలో చాలామంది ఈమధ్యే సూపర్‌వైజర్లు అయ్యారు, రేపో మాపో మీ చేతికి ఒక ఎక్సెల్ షీట్ ఇస్తారు, అందులో పేరు, ఎదురుగా పుట్టిన తేదీ ఉంటాయి, ఎవరి బర్త్‌డే వస్తే వాళ్లకి కేక్ తెప్పించెయ్యమంటారు. గాజువాక ఆటోనగర్లో మేనేజర్ అయిన కొత్తలో నేనూ అదే చేశా.

జూన్ 1 వచ్చింది. షీట్లో చూస్తే మా 40 మందిలో నలుగురి బర్త్‌డే ఆ రోజే! రెండు కిలోల కేక్ తెప్పించి, నలుగుర్నీ వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టాం, వాళ్లేమో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. ఆఖరికి స్టోర్స్‌లో పెద్దాయన దగ్గరకొచ్చి మెల్లిగా "సార్, ఇది నేను పుట్టిన రోజు కాదండి, మా హెడ్ మాస్టారు పెట్టిన రోజు" అన్నాడు. నవ్వుతున్నారు గానీ ఇంటికెళ్లి మీ నాన్నగారి టెన్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. బడిలో వేసేటప్పుడు ఇంట్లో తారీఖు ఎవరికి గుర్తుంది, బళ్లు తెరిచేది జూన్‌లో, అప్పటికి ఐదేళ్లు నిండినట్టు సరిపెట్టి మాస్టారే ఏదో ఒకటి వేసేసేవారు. ఇంక పీఎఫ్‌కీ రిటైర్‌మెంట్‌కీ అదే ఖాయం. వాటికి పనికొస్తుంది, కేక్‌కి పనికిరాదు.

అప్పట్నుంచి షీట్ పక్కన పడేసి అడగడం మొదలెట్టా. మనిషి చేరిన వారంలోనే, టీ తాగుతూ, మీరు పుట్టినరోజు ఎప్పుడు చేసుకుంటారు, ఇక్కడ చెయ్యమంటారా వద్దా, ఏం తెప్పించమంటారు, అంతే. ఎన్ని రకాల జవాబులు వస్తాయో చూడండి. ఒకాయన తిథుల లెక్క, ఏటా తేదీ మారిపోతుంది, 19 ఏళ్లకోసారి తిథీ తేదీ దాదాపు కలుస్తాయట, 38 నిండినప్పుడు అలాగే కలిసిందని ఆయనే అందరికీ మాడుగుల హల్వా తెచ్చి పంచాడు. ఒకావిడ కేక్ కోస్తా గానీ కొవ్వొత్తి ఊదనండి, దీపం నోటితో ఆర్పకూడదని మా అత్తగారు ఒప్పుకోరు అంది. కార్తీకంలో మాల వేసుకున్నవాళ్లకి గుడ్డు లేని కేక్ ఉండాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న కుర్రాడి ముందు సాయంత్రం నాలుగింటికి క్రీము కేక్ పెట్టామంటే మనకి బుద్ధి లేనట్టే. యెహోవా సాక్షులైతే అసలు పుట్టినరోజులే చేసుకోరు, బలవంతం చెయ్యొద్దు.

మొహానికి క్రీము పుయ్యడం మాత్రం నేను మొదటి నెల్లోనే ఆపేయించా. చందాలు కూడా. నెలకి రెండు మూడు బర్త్‌డేలు, మనిషికి వంద చొప్పున వసూలు చేస్తుంటే చిన్న జీతం వాడికి పక్కవాడి పుట్టినరోజంటే భయం పట్టుకుంటుంది కదా. ఇంకోటి, సి షిఫ్ట్ వాళ్లు. సాయంత్రం కోసిన కేక్‌లో మిగిలిన ముక్కలు ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి పదింటికొచ్చేవాడికి ఇవ్వడం ఏం మర్యాదండి. నేను వెళ్లకపోతే పోయె, వాళ్లది వాళ్ల షిఫ్ట్‌లోనే కొయ్యండి అని చెప్పా.

అసలు విషయానికి వస్తాను. కేక్ అయ్యాక కింద పడ్డ క్రీమంతా తుడిచేది హౌస్‌కీపింగ్ అమ్మ. ఆవిడ పేరు షీట్లో ఉండదు, ఎందుకంటే ఆవిడ కాంట్రాక్టర్ రోల్ మీద ఉంది. నాకే ఈ సంగతి తట్టడానికి మూడేళ్లు పట్టింది, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. ఒకరోజు అడిగా, అమ్మా నువ్వెప్పుడు పుట్టావు అని. "తారీకు నాకేటి తెలుసు బాబూ, మాది ఇజీనారం, పైడితల్లమ్మ తొలేళ్ల నాడు పుట్టానని మాయమ్మ సెప్పీది" అంది. ఇజీనారం అంటే విజయనగరమే. మన వైపు వాళ్లకి తెలిసిందే, అక్కడి పైడితల్లమ్మ పండగలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను ఉత్సవం, ముందు రోజు సోమవారం తొలేళ్లు. ఆ తేదీ ఎక్సెల్‌లో ఎలా పెడతారు చెప్పండి!

కేక్ తెప్పించమంటావా అంటే వద్దంది. "తొలేళ్లకి, సిరిమానుకి రెండ్రోజులు సెలవిప్పించు బాబూ, పండక్కి ఎల్లి పదేళ్లయింది" అంది. కాంట్రాక్టర్‌తో మాట్లాడి జీతం కొయ్యకుండా ఇప్పించా, దానికి నాలుగు ఫోన్లు, ఒక చిన్న గొడవ. ఇప్పుడు ఏటా కొత్త కేలండర్ రాగానే ముందు దసరా ఎప్పుడో చూసి, ఆ సోమ మంగళవారాలు రోస్టర్‌లో ఆవిడ పేరు కొట్టేస్తాం. బుధవారం పొద్దున్నే అరటిపళ్లు, కొబ్బరిముక్కల ప్రసాదం సంచీతో వస్తుంది, ఆ రోజు ఫ్లోర్ మేమే ఊడుస్తాం, సరిగ్గా ఊడవలేదని ఆవిడ తిడుతుంది.

సరే, పదండి, పప్పుచారు చల్లారిపోతోంది.