హంతకుణ్ని మరిచిపోయే డిటెక్టివ్ సినిమా

మిత్రులారా, నమస్కారం.

ఇప్పుడు మనం చూడబోయే 'కే దెజ్ ఓర్ఫెవ్ర్' 1947 నాటి ఫ్రెంచి సినిమా. పేరు పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న ఓ వీధిది. అక్కడి 36వ నంబరు భవనమే అప్పటి నేర పరిశోధక పోలీసుల కార్యాలయం. దర్శకుడు ఆన్రీ-జార్జ్ క్లూజో. జర్మన్ల ఆక్రమణ కాలంలో వాళ్ల కంపెనీకి 'ల కోర్బో' అనే సినిమా తీశాడని యుద్ధం ముగిశాక ఆయన్ని నిషేధించారు. ఆ నిషేధం తొలగాక తీసిన మొదటి సినిమా ఇదే. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చింది.

మూలం బెల్జియం రచయిత స్టీమాన్ నవల. స్క్రిప్టు మొదలుపెట్టే నాటికి ఆ పుస్తకం ఎక్కడా దొరకలేదు. క్లూజో, జాన్ ఫెరీ ఇద్దరూ గుర్తున్నంతలో రాసుకుంటూ పోయారు. తీరా ప్రతి చేతికొచ్చేసరికి కథ ఎక్కడికో వెళ్లిపోయింది, హంతకుడితో సహా! అదే సినిమాకు కలిసొచ్చిందని నా నమ్మకం. చిక్కుముడి జారిపోయింది, మనుషులు మిగిలారు.

జెన్నీ మ్యూజిక్ హాల్ (పాటలు, వినోద ప్రదర్శనలు జరిగే థియేటర్) గాయని, ఎలాగైనా పైకి రావాలనుకునే పిల్ల. ఆమె భర్త మోరిస్ పియానో వాయిస్తాడు. ఉత్త అనుమానం మనిషి. సినిమా ఛాన్సు ఆశ చూపి జెన్నీకి వల వేసిన ముసలి ధనవంతుడు హత్యకు గురవుతాడు. తన చేతుల్లోనే చచ్చాడని జెన్నీ భయం. చంపుదామని పిస్తోలుతో వెళ్లిన మోరిస్‌కు ఎదురైంది శవం. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి గోడు చెప్పుకునేది మాత్రం ఫొటోగ్రాఫర్ డోరా దగ్గరే.

మొదట్లో వచ్చే పాటను జాగ్రత్తగా గమనించండి. పాటల పబ్లిషర్ గదిలో పియానో పక్కన మొదలవుతుంది. అదే పాట తెగకుండా రిహార్సల్‌కు, అక్కణ్నుంచి నిండు థియేటర్లో స్టేజీ మీదకు సాగిపోతుంది. ఒక పాట జనం ముందుకు రావడానికి పట్టే చాకిరీ అంతా అందులోనే కనిపిస్తుంది. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకు నేనైతే ముందు ఇదే చూపిస్తాను.

ఇక నటుడు లూయీ జువే. ఆయన వేసిన ఇన్‌స్పెక్టర్ ఆంత్వాన్ మేధావేం కాదు. వలస దేశాల్లో సైన్యంలో పనిచేసి, అక్కణ్నుంచి తెచ్చుకున్న కొడుకును ఒంటరిగా పెంచుకుంటున్నాడు. కేసు ఎంత ముదిరినా ఆ పిల్లాడి చదువు బెంగ ఆయన్ని వదలదు. విసుగు, చలి, నిద్రలేమి మధ్య డ్యూటీ చేస్తాడు. నేరస్థుల మీద ద్వేషం లేదు, అలాగని జాలిపడి వదిలేయడు కూడా.

హంతకుడు దొరికిన తీరు పేలవంగా ఉందని కొందరంటారు. పేలవమన్న మాట నిజమే, కానీ అప్పటికి మనకు దాని మీద ధ్యాస ఉండదు. మన ధ్యాసంతా డోరా మీదే. ఆమె ప్రేమిస్తున్నది మోరిస్‌ను కాదు, జెన్నీని. ఆ మాట ఎక్కడా పైకి చెప్పదు. ఆంత్వాన్ మాత్రం పసిగడతాడు. మీరూ నాలాంటివారే, ఆడవాళ్ల విషయంలో మీకెప్పుడూ అదృష్టం ఉండదు అంటాడు ఆమెతో. 1947లో ఒక పోలీసు పాత్ర చేత, వెక్కిరింత లేకుండా, సాటి మనిషితో మాట్లాడినట్టు ఆ మాట అనిపించాడు క్లూజో. ఆ సీను వచ్చినప్పుడు జువేతో పాటు డోరాగా వేసిన సిమోన్ రెనాన్ ముఖం కూడా చూడండి.