ఆరు గంటలన్నారు, మూడు గంటలైనా రాలేదు: ఇంటి సోలార్ పరీక్షపై స్టూడియో చర్చ

(చర్చ పూర్తి పాఠం ఇది. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడిన చోట్లను కూడా సర్దకుండా ఉన్నదున్నట్టు ఇస్తున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. కొత్తగా సోలార్ పెట్టించుకున్న ఒక కుటుంబం తీసిన వీడియో గురించి రెండు రోజులుగా అందరూ మాట్లాడుకుంటున్నారు. మేడ మీద రెండు ప్యానెళ్లు, కింద 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి, ఒక ఇన్వర్టర్. 300 వాట్ల లోడుకు ఆరు గంటలు వస్తుందని చెప్పి బిగించారట. ఆ రాత్రే వాళ్లు మెయిన్ ఆపేసి చూస్తే, మూడు గంటలు నిండకముందే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయింది. బిగించినవాళ్లేమో మీరు పరీక్షించిన పద్ధతే తప్పంటున్నారు. ఇది మోసమా, కాదా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందు లెక్చరర్ గారు.

లెక్చరర్: మోసం సంగతి తర్వాత. ముందు ఆ ఆరు గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం. 150ని 12తో గుణిస్తే 1800. దాన్ని 300తో భాగిస్తే ఆరు. బడి పిల్లలు చేసే లెక్క. బ్యాటరీ ఆ లెక్క వినదండీ. 150 ఏహెచ్ పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అనో సీ10 అనో ఉంటుంది. సీ20 అంటే, ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు నిదానంగా లాగితేనే ఆ 150 వస్తుందని అర్థం. 300 వాట్ల లోడుకు, ఇన్వర్టర్లో పోయే నష్టం కలుపుకుంటే, బ్యాటరీ నుంచి దాదాపు 30 ఆంపియర్లు లాగాలి. అంత వేగంగా లాగితే 150 దక్కదు. 110, 120 దగ్గర చేతులెత్తేస్తుంది. 1897లోనే ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతిని సూత్రంగా రాసిపెట్టాడు. 120ని 30తో భాగించండి, నాలుగు. ఆరెక్కడిది?

వ్యాఖ్యాత: అంటే మోసమేనంటారు.

లెక్చరర్: లెక్క తప్పంటున్నాను. తెలిసి చెప్పారో తెలియక చెప్పారో నాకు తెలీదు. డబ్బు కట్టింది మాత్రం ఇంటివాళ్లు.

టెక్నీషియన్: మాస్టారూ, మీ లెక్క ఒప్పుకుంటాను. కానీ అక్కడ నాలుగు కూడా రాలేదు కదా. దానికి కారణం...

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం. ఆరు గంటలు తప్పని మీరూ ఒప్పుకున్నట్టేనా?

టెక్నీషియన్: 300 వాట్లకైతే తప్పే. నేను అలా చెప్పను. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి దించొద్దని చెప్తాను. ఆ లెక్కన ఆ ఇంటికి రెండు గంటలే. కానీ బిగించిన రోజే టెస్ట్ చేయడం ఏంటండీ? కొత్త బ్యాటరీ నిండా చార్జి అయి రాదు, ఒక్క పూట ఎండకు నిండదు. వీడియోలో మీటరు పెట్టి 13 వోల్టులు చూపించి, ఫుల్ అన్నారు. అప్పుడే చార్జింగ్ నుంచి తీసిన బ్యాటరీ అలాగే చూపిస్తుంది. ప్యానెల్, లోడు రెండూ తీసేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. అప్పుడు 12.7 ఉంటే నిండినట్టు. 12.1, 12.2 ఉంటే సగమే.

లెక్చరర్: (అడ్డుతగులుతూ) వోల్టేజీ చూసి బ్యాటరీని అంచనా వేయడమే వద్దంటున్నాను నేను. ముసలి బ్యాటరీ కూడా ఏ పనీ లేకుండా కూర్చుంటే 12.7 చూపిస్తుంది. లోడు వేస్తే పది నిమిషాల్లో కూలబడుతుంది. నిజం తేల్చేది లోడ్ టెస్ట్ ఒక్కటే. నిండా చార్జి చేయండి, ఎన్ని వాట్లో తెలిసిన లోడు వేయండి, వాట్ అవర్ మీటరు పెట్టి ఎంత వచ్చిందో రాసుకోండి.

టెక్నీషియన్: ఊరికే పూర్తిగా దించి చూస్తుంటే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది మాస్టారూ.

లెక్చరర్: ఒక్కసారికి చచ్చిపోదు బాబూ. దించి, నాలుగు రోజులు ఖాళీగా వదిలేస్తే పాడవుతుంది, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి. దించిన వెంటనే నింపితే ఏమీ కాదు. బ్యాటరీ తీసుకున్నప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి లోడ్ టెస్ట్...

వ్యాఖ్యాత: లిథియం అయితే ఈ గొడవే ఉండదంటారు కదా సార్?

లెక్చరర్: ఎందుకు ఉండదు? అసలు గొడవ అక్కడే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో సెల్లుకు 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. దిగుతున్నకొద్దీ వోల్టేజీ పెద్దగా మారదు. 80 శాతం ఉన్నా, 40 శాతం ఉన్నా మీటరు మీద తేడా అంతంత మాత్రమే. చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని వోల్టేజీతో ఎలా పరీక్షిస్తారు? మళ్లీ లోడ్ టెస్ట్ దగ్గరికే రావాలి.

వ్యాఖ్యాత: మేడమ్, మీ ఇంట్లో మీరే పరీక్షించుకున్నారట. మీకూ ఎవరైనా ఆరు గంటలని చెప్పారా?

వినియోగదారు: నాకు గంటలేమీ చెప్పలేదండి. నేనే తెలుసుకుందామని మొదలుపెట్టాను. మొదటి రోజే పెద్ద టెన్షన్. వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు కొని బ్యాటరీ వైరుకు పెడితే సున్నా చూపించింది. ఏదో ఊడిపోయిందనుకున్నాను. ఆ మీటరు ఏసీని, అంటే ఇంటి లైన్లో దిశ మారుతూ వచ్చే కరెంటును మాత్రమే కొలుస్తుందట, బ్యాటరీ వైర్లలో ఉండేది ఒకే దిశలో పోయే డీసీ. డీసీ కూడా కొలిచే క్లాంప్ తెచ్చాక సరిపోయింది. రెండోది, నా 330 వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 90 వాట్లే ఇచ్చేది. అందరూ ప్యానెల్ పాడైందన్నారు. తీరా చూస్తే...

లెక్చరర్: ఆ 330 ల్యాబులో సంఖ్య అమ్మా. సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండాలి, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడాలి. ఎండాకాలం మేడ మీద సెల్ 60 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. అక్కడే పదో వంతుకు పైగా పాయె.

వినియోగదారు: అది నిజమే సార్. కానీ 330 తగ్గి 90 అయ్యింది అందుకు కాదు. మధ్యాహ్నానికి బ్యాటరీ నిండిపోయేది. ఇక తీసుకోవడానికి చోటు లేక, ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య చార్జింగ్ చూసుకునే కంట్రోలరే ప్యానెల్‌ను తగ్గించేసేది. అదే ఎండలో కూలరు, రెండు ఫ్యాన్లు వేసి చూస్తే 240కి ఎగబాకింది. ప్యానెల్‌ను పరీక్షించాలంటే బ్యాటరీ కాస్త ఖాళీగానైనా ఉండాలి, లేదా లోడైనా ఉండాలి. ఇది ఎవరూ చెప్పరు.

టెక్నీషియన్: బాగా చెప్పారు. దీనికోసమే రోజూ ఫోన్లు వస్తాయి మాకు.

వ్యాఖ్యాత: ఎవరూ చెప్పరు అన్నారు. చెప్పకుండా దాచడం కూడా మోసమే కదా?

వినియోగదారు: దాచారని నేననలేదండి. ఇంకొకటి చెప్పాలి. రాత్రి అన్నీ ఆపేసినా పొద్దునకు బ్యాటరీ దిగి ఉండేది. ఇన్వర్టరే ఖాళీగా 18 వాట్లు తాగుతోంది. పది గంటలకు 180 వాట్ అవర్లు. ఇది ఎవరి లెక్కలోనూ...

లెక్చరర్: అందుకే వాట్ అవర్ మీటరు పెట్టి లోడ్ టెస్ట్ చేయమంటున్నాను. అన్నీ అందులో బయటపడతాయి.

వినియోగదారు: ఇన్వర్టర్ అవతల మీటరు పెడితే ఈ 18 వాట్లు అందులో కనపడవు సార్. బ్యాటరీ వైపు కొలవాలి.

లెక్చరర్: రెండు వైపులా పెట్టండి! నేను వద్దన్నానా? రెండు వైపులా పెట్టే లోడ్ టెస్ట్ చేయండి.

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. రెండు మూడు మాటలు వినపడలేదు.)

టెక్నీషియన్: ...ఇళ్లలో వాళ్లను బ్యాటరీ వైపు కొలవమనడం సులువే. చేతికి ఉంగరం, గాజులు ఉంటే తీసేయమని ఎవరైనా చెప్తున్నారా? రెండు టెర్మినళ్ల మీద స్పానరు పడితే ఎర్రగా కాలిపోతుంది. లెడ్ యాసిడ్ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడని గదిలో నిప్పురవ్వ పడితే బ్యాటరీ పేలుతుంది. ప్యానెల్ వైపు లోడు మీద వైరు పీకితే వచ్చే మంటలాంటి మెరుపు, డీసీ ఆర్క్, ఏసీలాగా తొందరగా ఆరిపోదు. బ్రేకరు కూడా డీసీదే ఉండాలి, మామూలు ఏసీ బ్రేకరు పెట్టకూడదు. ముందు ప్యానెల్ విడదీయాలి, ఆ తర్వాతే బ్యాటరీ. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, ఆ తర్వాత...

వ్యాఖ్యాత: ప్రేక్షకులకు భయం పెడుతున్నట్టుంది. అసలు విషయానికొద్దాం. ఆ కుటుంబానికి డబ్బు వెనక్కి ఇవ్వాలా, వద్దా?

లెక్చరర్: బిగించినవాడు ఇంటివాళ్ల ఎదురుగా లోడ్ టెస్ట్ చేసి చూపించాకే చివరి డబ్బు తీసుకోవాలి. ఇదొక్కటి అమలైతే ఈ వీడియోలే ఉండవు.

వ్యాఖ్యాత: ఇది బాగుంది. ఎదురుగా టెస్ట్. దీనికి మీరు సిద్ధమేనా?

టెక్నీషియన్: సిద్ధమే. రెండు మూడు రోజులు ఎండ తగిలి బ్యాటరీ నిండాక రమ్మనండి, చేస్తాను. కానీ లోడ్ టెస్టులో మూడు గంటలే వచ్చిందనుకోండి, తప్పు బ్యాటరీదని ఎలా అంటారు? సన్నటి కేబులు వేసి ఉండొచ్చు. కేబులు కొసన బిగించే లగ్గు సరిగా నొక్కకపోయి ఉండొచ్చు. బ్యాటరీ దగ్గర 12 వోల్టులుండి, అదే వైరు ఇన్వర్టర్ దగ్గరికొచ్చేసరికి 11.3 ఉందనుకోండి. మధ్యలో 0.7 పోతోంది. 30 ఆంపియర్ల మీద అది 21 వాట్లు. తీగ వేడెక్కడానికి పోతున్నట్టు. ఇన్వర్టర్ తన దగ్గరికొచ్చిన వోల్టేజీనే చూస్తుంది. బ్యాటరీలో ఇంకా ఉండగానే అయిపోయిందనుకుని కట్ చేస్తుంది.

లెక్చరర్: అది బిగించడంలో లోపం. లోడ్ టెస్ట్ చేయబట్టే కదా బయటపడింది?

టెక్నీషియన్: ఎన్ని గంటలొచ్చిందో లోడ్ టెస్ట్ చెప్తుంది మాస్టారూ. ఎందుకు తగ్గిందో చెప్పదు. అది వెతుక్కోవాలి.

లెక్చరర్: గంటలే కావాలి ఇంటివాళ్లకు! కారణాలు నీకు కావాలి, నాకు కావాలి. ఫ్యాను ఎంతసేపు తిరుగుతుందో చెప్పండయ్యా అని అడుగుతున్నారు వాళ్లు. ఆ జవాబు ఇచ్చేది లోడ్ టెస్ట్ తప్ప మరొకటి లేదు. నేను...

వ్యాఖ్యాత: సార్, సార్. సమయం దగ్గరపడింది. మొత్తానికి లోడ్ టెస్ట్ తప్పనిసరి అన్న దగ్గరికి వచ్చినట్టున్నాం.

టెక్నీషియన్: నేను అలా అనలేదండీ.

వ్యాఖ్యాత: ముగ్గురూ ఒక్కొక్క మాటలో చెప్పండి. మోసమా, కాదా? మేడమ్?

వినియోగదారు: ఒక్క మాటలో ఎలా చెప్పనండీ? ఆ ఇంట్లో లోడు నడుస్తుండగా కేబుల్ రెండు కొసల దగ్గరా వోల్టేజీ ఎవరైనా చూశారా?

వ్యాఖ్యాత: వీడియోలో అయితే అది లేదు మేడమ్. లెక్చరర్ గారూ, మీరు?

లెక్చరర్: చెప్తాను. ఆ 150 పక్కన సీ20 ఉందా, సీ10 ఉందా అన్నది ముందు కెమెరా దగ్గరగా పెట్టి చూపించమనండి. సీ10 అయితే 15 ఆంపియర్ల మీద పది గంటలు. అప్పుడు లెక్క కాస్త మారుతుంది. మారినా ఆరు మాత్రం రాదు. ఎందుకంటే 30 ఆంపియర్లు లాగుతున్నప్పుడు...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది సార్. ముగ్గురికీ ధన్యవాదాలు.

టెక్నీషియన్: బ్యాటరీ ముట్టుకునేముందు ఉంగరం తీసేయమని ఒక్కసారి...

లెక్చరర్: ...30 ఆంపియర్ల దగ్గర ఏ లెడ్ యాసిడ్ బ్యాటరీ అయినా...

(ప్రసారం ఇక్కడ ముగిసింది.)